రాయబారి ఎప్పుడు భోజనం చేయాలి?

సంధి కోసం హస్తినకు వచ్చిన శ్రీకృష్ణుణ్ణి దుర్యోధనుడు విందుకు పిలిచాడు. స్వామి ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే ఉద్యోగపర్వంలో ఆయన ఇచ్చిన జవాబు ఇది:

"కృతార్థా భుంజతే దూతాః పూజాం గృహ్ణంతి చైవ హ"

వచ్చిన పని నెరవేరాకే దూతలు భోంచేస్తారు, మర్యాదలు అందుకుంటారు. అంతకుముందే ధృతరాష్ట్రుడు రథాలూ ఏనుగులూ కానుకలుగా ఇస్తానంటే, అది ఆయన్ని కొనే ప్రయత్నమని విదురుడు ముఖం మీదే చెప్పాడు. చివరికి కృష్ణుడు తిన్నది ఆ విదురుడి ఇంట్లోనే.

ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. గద్దె పోగొట్టుకున్న రాజు కోసం ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెబుతారు. రాయబారం బరువు ఆయనకు తెలుసు.

మన ఊళ్లలో రాయబారం దీనికి తలకిందులుగా నడుస్తుంది. జాతర ఊరేగింపు దారి దగ్గరో, చెరువు నీళ్ల దగ్గరో రెండు వీధులు కొట్టుకున్నాక, పెద్దమనుషులు ముందుగా తలపెట్టేది సహపంక్తి భోజనం. గాయాలు మానకముందే పక్కపక్కన కూర్చోబెట్టి ఫొటో తీయిస్తారు. దెబ్బ తిన్నవాళ్లకు ముద్ద దిగదు. లేచిపోతే తప్పు వాళ్లదే అంటారు. గొడవ మళ్లీ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

రాజీ కుదిర్చేవాళ్లు ముందు రెండు వీధులకూ విడివిడిగా వెళ్లాలి. కాలిన వామి, విరిగిన చెయ్యి, కూలికి పిలవడం మానేసిన రోజులు, ఇలా ఒక్కో ఇంటి నష్టం వాళ్ల మాటల్లోనే రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. ఈ తిరుగుళ్లలో ఏ పక్షం ఇంట్లోనూ కాఫీ కూడా తాగకపోవడం మంచిది. తీరగ్రామాల్లో ఎవరిమీదైనా దురాయి, అంటే ఊరి కట్టుబాటు పేరుతో వేసిన వెలి, ఉంటే, అది ఎత్తేశాకే మాటలకు కూర్చోవాలి. వెలిలో ఉన్నవాడికి ఎదురు మాట్లాడే చోటెక్కడిది? కూర్చునేది కూడా నాయకుడి అరుగు మీద వద్దు, బడి వరండాలో కూర్చోండి.

ధృతరాష్ట్రుడి తరఫున పాండవుల దగ్గరికి సంజయుడు తీపి మాటలే మోసుకెళ్లాడు, ఇస్తామన్న భూమి మాత్రం లేదు. అందుకే ఆ రాయబారం నిలవలేదు. ధర్మరాజు అడిగినప్పుడు ఊళ్ల పేర్లే చెప్పాడు: అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, ఐదోది మీ ఇష్టం. మన ఒప్పంద కాగితంలోనూ అలాగే ఏ దారి, ఏ తేదీ నుంచి, కంచె ఎవరు తీయాలి అన్నది ఉండాలి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసు రచ్చబండ దగ్గర తేలేది కాదు. "కేసు వాపసు తీసుకుంటేనే కలిసుందాం" అనడం బెదిరింపే. చట్టం రాజీకి ఒప్పుకునే చిన్న కేసులకు లోక్ అదాలత్ ఉంది.

మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో, కోరిక తీరినవాళ్లు మరుసటేడు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. హిందువులూ ముస్లింలూ అదే నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. ఊరి ఒప్పందానికీ ఏడాది గడువు పెట్టండి. వచ్చే జాతరకు ముందు కాగితం అందరి ఎదుటా చదివి, జరగనివాటి సంగతి మొదట తేల్చండి. విస్తళ్లు వేయడం ఆ తర్వాతే. ఆ రోజు వంటా వడ్డనా రెండు వీధులవాళ్లూ కలిసి చేయాలి.