వెనక యాక్సిల్ మార్చుకుని అంతర్వేది దాకా

రాజమండ్రి నుంచి అంతర్వేది, అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం. ఇదే దారిలో నా ప్రీమియర్ పద్మిని వేసుకుని రెండుసార్లు బయల్దేరాను, మొదటిసారి సగం కూడా వెళ్ళకుండా వెనక్కొచ్చేశా. రెండోసారి ఎలా వెళ్ళగలిగానో చెప్పాలంటే ముందు ఆ వెనక యాక్సిల్ సంగతి చెప్పాలి.

బండి చెన్నైలో కొన్నాను. ఒకప్పుడు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసుల్లో పరిగెత్తిన బండట. ఇంజిన్ మామూలు 1089 సీసీదే గానీ వెనకంతా రేసుకి తగ్గట్టు మార్చేశారు. కమాన్ కట్టలు సాపు చేసి బండిని కిందకి దించేశారు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ పీకేశారు, అన్నిటికన్నా పెద్దది, డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు వెనక చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం, దాని లోపలి పళ్ళచక్రాల్ని వెల్డింగ్ పెట్టి ఒకటిగా కలిపేశారు. రేసులో అది సరైన పనే, మలుపులో లోపలి చక్రం నేల మీంచి తేలితే పవరంతా దానికే పోయి ఊరికే గిర్రున తిరుగుతుంది, వెల్డ్ చేస్తే రెండు చక్రాలూ కలిసి తోస్తాయి.

మన డెల్టా రోడ్లు అలా కాదు కదా. మొదటిసారి ధవళేశ్వరం బ్యారేజి మీద హాయిగానే ఉంది, బొబ్బర్లంక దాటి కాలవ గట్టు ఎక్కాక మొదలైంది. వంతెన మీదకి తిరిగిన ప్రతిసారీ వెనక టైర్లు కీచుమని గెంతడం, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముక్కు తిన్నగానే పోతాననడం. లొల్ల లాకుల దగ్గర ఆపి చూస్తే టైరు అంచున రబ్బరు నలిగి చిన్న చిన్న ఉండలు కట్టి ఉంది, వేలితో అంటే వేడిగా రాలింది. ఇంకో పది మలుపులు తిరిగితే యాక్సిల్ షాఫ్టే విరుగుతుందేమో అనిపించి వెనక్కి తిప్పేశా.

రాజమండ్రిలో మా మేస్త్రి గారు ట్రాక్టర్లూ పాత ఫియట్లూ రెండూ చేస్తారు. చూడగానే, "ట్రాక్టరు డిఫరెన్షియల్ లాకు తొక్కిపట్టి తారు రోడ్డు మీద మలుపు తిరుగుతామాండీ? మీరు చేస్తుంది అదే" అన్నారు. బురదలో దిగబడ్డప్పుడు లాకు తొక్కుతాం, బయటపడగానే వదిలేస్తాం, ఈ బండికి వదలడానికి దారే లేదు. లెక్క చూస్తే ఇంకా బాగా అర్థమైంది నాకు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు నాలుగడుగులు, బండి తొంభై డిగ్రీలు తిరిగిందంటే బయటి చక్రం లోపలిదాని కంటే ఆరడుగుల పైనే ఎక్కువ దొర్లాలి, మలుపు పెద్దదైనా చిన్నదైనా అంతే. వెల్డింగ్ దాన్ని దొర్లనివ్వదు కాబట్టి టైరు ఈడ్చుకుపోవాల్సిందే.

యాక్సిల్ హౌసింగ్, అంటే బయటి గుల్ల, అలాగే ఉంచేద్దాం, లోపలి సరుకు మాత్రమే మారుద్దాం అనుకున్నాం. రేసు యాక్సిల్ అని పక్కన పారేయడానికి నాకు మనసొప్పలేదు. అందులో క్రౌన్‌కి (పెద్ద పళ్ళచక్రం) 41 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కి 8, అంటే క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి పినియన్ 5.125 చుట్లు తిరగాలి. మాకు దొరికిన జత 43కి 10, అంటే 4.3. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే కొనాలి, ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా తెస్తే జన్మలో కుదరవు. నేను మొదట ఒక షాపులో జత అని నమ్మి కొన్నది జతే కాదు, దాని మీద పదిహేను రోజులు పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బిగించేటప్పుడు మేస్త్రి గారు ఎర్ర సిందూరం నూనెలో కలిపి క్రౌన్ పళ్ళకి పూసి చేత్తో తిప్పారు. పినియన్ రాసుకున్న చోట ఎరుపు పోయి ఇనుము మెరిసింది, ఆ మచ్చ పంటికి మధ్యలో పడాలి, మాకు అంచుకి పడింది. పినియన్ వెనక షిమ్ (సందు సరిచేసే పల్చటి రేకు) మార్చడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ పూయడం, నాలుగోసారికి మచ్చ మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో పడింది. అది చూసి ఆయన ఏమీ అనలేదు, చెయ్యి తుడుచుకుని టీ తెప్పించారు. కమాన్ కట్టలకి వంపు మళ్ళీ పెట్టించి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ వేసి, కొత్త ఆయిల్ సీళ్ళు, 90 నంబరు గేర్ ఆయిల్.

ఇక రెండోసారి. పొద్దున్నే బయల్దేరా. అరవై కిలోమీటర్ల వేగంలో ఇంతకుముందు ఇంజిన్ నిమిషానికి 2750 చుట్ల దాకా తిరిగి అరిచేది, ఇప్పుడు 2300 దగ్గర నెమ్మదిగా మూలుగుతోంది, పక్కన కూర్చున్న బావ మాట వినబడుతోంది. స్పీడోమీటర్ కూడా దారికొచ్చింది, పాత యాక్సిల్‌తో అరవైకి డెబ్భై దాటి చూపించేది, ఇప్పుడు ఫోన్‌లో జీపీఎస్‌తో సరిపోతోంది. లొల్ల లాకుల మలుపులో ఊపిరి బిగబట్టా, చప్పుడే లేదు. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య ఇరుకులో తిప్పుకుని, కొత్తపేట మీదుగా పి.గన్నవరం, అక్కడ కింద వైనతేయ, పైన కాలవ. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడక్టు దగ్గర ఆగకుండా పోవడం నా వల్ల కాదు, దారినపోయే వాళ్ళకి అన్నం పెట్టిన తల్లి పేరు మీద నీళ్ళు పోతుంటే చూడబుద్ధేస్తుంది. రాజోలు, మలికిపురం కొబ్బరి తోటల నీడలో త్వరగా గడిచిపోయాయి. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే దాకా నడిచొచ్చాం.

అసలు పరీక్ష పంటు. రేవులో బల్లల మీంచి దిగి పంటు మీద ఉన్న కాస్త జాగాలో అడ్డంగా తిరగాలి, పక్కన ఆటో, ముందు బైకులు. తెడ్డు పట్టుకున్నాయన "రండి రండి, ఇంకా కొయ్యండి" అంటున్నాడు, స్టీరింగ్ చివరిదాకా కోశా, లోపలి చక్రం నెమ్మదించింది, బయటిది ఎక్కువ దొర్లి చుట్టూ తిరిగొచ్చింది. హ్యాండ్ బ్రేక్ లాగాను, పట్టింది, అయినా ఆయన అలవాటుగా చక్రం కింద కట్టె పెట్టాడు.

నరసాపురంలో దిగాక మేస్త్రి గారికి ఫోన్ చేశా. ఆయన మొదటి ప్రశ్న, "యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఈల వేస్తుందాండీ?" పళ్ళు సరిగ్గా కుదరకపోతే వచ్చే చప్పుడది. వెనక సీటు మీద ఫోన్ పెట్టి బావని నడపమని, అరవై నుంచి వదిలించాను, రెండుసార్లు. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. "ఏం లేదు. అయిదొందల కిలోమీటర్లకి ఓసారి ఆయిల్ దింపుకుని రండి, పొడి ఏమన్నా రాలిందేమో చూద్దాం" అన్నారు.