కోట మెట్ల మీద బావకి వడదెబ్బ

తెల్లారగానే ఎక్కాలనుకున్న కోటని మేం ఎక్కడం మొదలుపెట్టేసరికి పదిన్నర అయింది. బస్సు ఆలస్యం. ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్లడమేంటని నేను, మా బావ, నా మేనల్లుడు మెట్లెక్కేశాం. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు కదా ఏం కాదులే అనుకున్నాం, కానీ ఉక్కపోత విపరీతం. చెమట పడితే సరిపోదు, అది ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాల్లో తేమ ఎక్కువుంటే చొక్కా పిండేంత తడిసినా వేడి లోపలే ఉండిపోతుంది. ముగ్గురికీ కలిపి నీళ్లు రెండు లీటర్లే. అలాంటి వేడిలో ఎక్కుతున్నప్పుడు దాహంతో పనిలేకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఓ కప్పు తాగాలి.

బావ ఉద్యోగం చేసేది చల్లటి ఊళ్లో, అక్కణ్నుంచి అంతకు రెండు రోజుల ముందే వచ్చారు సెలవు మీద. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. పైగా ఆయన బీపీ మాత్రల్లో ఒంట్లో నీరు తీసేసేది ఒకటుంది. ఇవన్నీ తర్వాత డాక్టరు అడిగితే బయటపడ్డాయి.

సగం ఎక్కాక పిక్కలు పట్టేశాయన్నారు. తర్వాత తలనొప్పి, వికారం. మొహం పాలిపోయింది, చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిడ్డుగా తగిలింది. అప్పుడే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, గుక్కగుక్కగా ఓఆర్ఎస్ తాగించాల్సింది. అలా చేస్తే చాలామంది అరగంటలో తేరుకుంటారు, తేరుకోకపోతే ఆస్పత్రే. మేం ఐదు నిమిషాలు కూర్చుని లేచాం. "ఇంకొంచెమే బావా, పైన గాలి తగులుతుంది" అన్నది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

పైన మండపం దగ్గర ఫొటో తీద్దామని ఫోన్ అడిగితే వాటర్ బాటిల్ ఇచ్చారు. "ఫోన్ బావా" అన్నాను. మళ్లీ అదే బాటిల్ నా చేతిలో కుక్కి "ఇదే కదా!" అని విసుక్కున్నారు, ఆయన విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. "మామయ్యా, నాన్న ఏదోలా మాట్లాడుతున్నారు" అని పిల్లాడు అన్నాక నాకు కాళ్లు వణికాయి.

వడదెబ్బంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా కాలిపోతుందనే నాకు తెలుసు. బావకేమో చెమట కారుతూనే ఉంది. శ్రమ చేస్తుండగా తగిలినప్పుడు అలాగే ఉండొచ్చట. దయచేసి చెమట చూసి ధైర్యం తెచ్చుకోకండి, మాట చూడండి, నడక చూడండి. తికమక, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనబడినా అది ప్రాణాల మీదికొచ్చినట్టే. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి.

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు చెప్పింది ఒకటే, మోసుకుని కిందికి దిగకండి, ముందు అక్కడే చల్లబరచండి అని. చొక్కా విప్పేసి, కుళాయి నీళ్లు బాటిళ్లతో తెచ్చి తల నుంచి పాదాల దాకా పోస్తూనే ఉన్నాం, తువ్వాళ్లు తడిపి కప్పి గాలి తగిలేలా విసిరాం. ఎవరో ఐస్ ముక్కలిస్తే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాం. ఒకాయన పారాసెటమాల్ తీస్తే ఫోన్లో వద్దన్నారు, అది జ్వరానికి పనిచేస్తుంది గానీ ఈ వేడిని దించదు. తెలివి సరిగ్గా లేని మనిషికి నీళ్లు కూడా పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్ట్రెచర్ వచ్చేసరికి కొడుకుని పేరు పెట్టి పిలిచారు. పిల్లాడు అప్పుడు ఏడ్చాడు.

రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఒకసారి వడదెబ్బ తగిలాక కొన్నాళ్లు వేడి తట్టుకోవడం కష్టమని డాక్టరు చెబితే మిగతా ఊళ్లు మానేసి రాత్రి రైలుకి టికెట్లు మార్చుకున్నాం. రైల్లో బాటిల్ సంగతి చెప్పాను. బావ చాలాసేపు నా మొహంలోకి చూసి, "నువ్వు ఫోన్ అడిగావా?" అన్నారు.