ఏరేటర్ పీకేయకండి

బెంగళూరులో 2024 వేసవి నీటి ఎద్దడప్పుడు కుళాయిలకు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే, కుళాయి మూతికి పెట్టే చిన్న జాలీలు) బిగించినవాళ్లు చాలామంది ఇప్పుడు "నీళ్లు సన్నగా వస్తున్నాయి" అని పీకేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి! బోరునీళ్లలో సున్నం ఎక్కువ, జాలీకి తెల్లగా పెచ్చు కడుతుంది. విప్పి అరగంట వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషర్ మరిచిపోతే పక్కల నుంచి చిమ్ముతుంది.

కొత్తగా కొనేవాళ్లు ముందు లీటరు సీసా పట్టి చూడండి. 6 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు పోతున్నట్టే. వాష్‌బేసిన్‌కు 3 లీటర్లది సరిపోతుంది. గిన్నెలు తోమే సింకుకు 5, 6 అయినా కావాలి, లేకపోతే జిడ్డు వదలదు. బకెట్ నింపే కుళాయికి మాత్రం అసలు వద్దు. బకెట్‌కు పట్టే నీళ్లు ఎలాగూ అవే, ఆలస్యమే తప్ప ఆదా ఉండదు.