బొమ్మ చూపించి పేరడిగే పని

మెదడు ఆపరేషన్ మధ్యలో పేషెంట్‌తో మాట్లాడిస్తూ కూర్చుంటానంటే చాలామంది నమ్మరు. నేను స్పీచ్ థెరపిస్టుని. గడ్డ మాటకు పనికొచ్చే చోటికి దగ్గరగా ఉంటే, పుర్రె తెరిచాక పేషెంట్‌ను మెలకువలో ఉంచుతారు. నొప్పి పుట్టదా అని అందరూ అడుగుతారు. మెదడుకు నొప్పి తెలియదు. తల చర్మానికి తెలుస్తుంది, అందుకే అక్కడ తిమ్మిరెక్కే ఇంజెక్షన్లు ఇస్తారు.

నా అసలు పని ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. బొమ్మలన్నీ చూపించి పేర్లడుగుతాను. తడుముకున్న బొమ్మను తీసేస్తాను. థియేటర్లో పేరు రాలేదంటే అది సర్జన్ మెదడుకు తాకించే కరెంటు వల్లే అయ్యుండాలి మరి. ఈ వడపోతను హడావుడిగా కానిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సర్జన్ సన్నని కరెంటుతో మెదడును ఒక్కో చోట కొన్ని సెకన్లు తాకుతారు. ఆ కాసేపు ఆ చోటు చేసే పని ఆగుతుంది. పేషెంట్ ‘ఇది గొడుగు’ అనాలి. ‘ఇది’ కూడా రాకపోతే మాటే ఆగినట్టు. ‘ఇది... ఇది...’ అని నిలిచిపోతే పేరు మాత్రమే అందనట్టు. ఏది జరిగిందో వెంటనే చెప్పాల్సింది నేనే. ఒక్కసారికే నమ్మం, వేరే చోట్లు చూసి మళ్లీ అక్కడికొస్తారు. ఖాయమైతే, ఆ చోటును కోయకుండా వదిలేయడానికి గుర్తుగా నంబరు చీటీ పెడతారు. కరెంటుకు ఫిట్స్ వస్తే మెదడు మీద పోయడానికి చల్లటి సెలైన్ సిద్ధంగా ఉంటుంది.

మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ 1930ల్లోనే ఇలా చేశాడు. ఇప్పుడు మెదడులో ఏ చోటు పనిచేస్తోందో చూపే స్కాన్, ఫంక్షనల్ ఎంఆర్‌ఐ ఉంది కదా అంటారు. అది చూపేది రక్తప్రసరణలో తేడాను. ఆ చోటు తీసేస్తే మాట పోతుందో లేదో చెప్పదు. పైగా పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది, ముందు తీసిన స్కాన్‌తో అచ్చంగా సరిపోదు.

నా పట్టుదలంతా భాష దగ్గర. రెండు భాషలు వచ్చినవాళ్లలో కొన్ని చోట్ల కరెంటు తాకిస్తే ఒక్క భాషే ఆగుతుందని ఓజెమన్, విటేకర్ అనే పరిశోధకులు 1978లోనే చూపించారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మనిషికి రెండింట్లోనూ అడగాల్సిందే. టైమ్ పడుతుంది, పేషెంట్ అలసిపోతాడు, నిజమే. కానీ ఆయన ఏ భాష వదులుకోవాలో మనం తేల్చడమేమిటి?

ఒక టీచరమ్మ ముందే చెప్పారు: “చదవడం కూడా చూడండమ్మా. పాఠం చదవలేకపోతే నేనేం చెయ్యను?” బొమ్మలకు తోడు వాక్యాలూ పెట్టాం. గడ్డ తీస్తున్నంతసేపూ చదివిస్తూనే ఉన్నాను, ఎందుకంటే లోపలి నరాల దారులనూ కరెంటుతో చూసుకుంటూ వెళ్లాలి. ఒక అంచున కరెంటు తగిలిన ప్రతిసారీ ఆవిడ వాక్యం మధ్యలో ఆగిపోయారు. సర్జన్ ఇక అటు వెళ్లలేదు. అక్కడ కొంచెం గడ్డ మిగిలింది, దానికి స్కాన్లు చేయించుకుంటూ ఉండాలి. అలా కావచ్చని ముందే చెప్తే, “ఉండనివ్వండి” అన్నది ఆవిడే.