గుండు మీంచి ఊడిన పెచ్చు

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్ట మీద వాన ఇప్పుడే ఆగింది. ఓ పెద్ద గుండు పక్కన ఉల్లిపొరలా వంగిన పెచ్చు పడి ఉంది, రెండు వేళ్ల మందం. నలిపితే అంచు పొడిపొడిగా రాలుతోంది.

ఈ గుండ్లు ఎవరో పేర్చినవి కావు, ఎక్కడినుంచో దొర్లి వచ్చినవీ కావు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నేల లోపలే పగుళ్లతో దిమ్మెలుగా చీలింది. పగుళ్లలోకి దిగిన నీళ్లు ముందు మూలల్నే తింటాయి. మూలకి మూడు వైపుల నుంచి తడి, అంచుకి రెండు, ముఖానికి ఒకటే మరి. అలా పెట్టెలాంటి దిమ్మె గుండ్రమవుతుంది. చుట్టూ మెత్తబడ్డ మొరం వానలకి కొట్టుకుపోతే గుండు బయటపడుతుంది, ఒక్కోచోట ఒకదాని మీద ఒకటి.

గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ అనే ఇంకో ఖనిజం మొండిది, మారదు, ఇసుకై రాలుతుంది. కింద కాలవలో చూడండి: వాలు తగ్గినచోట గరుకు ఇసుక మేట వేసింది. సన్న మట్టి మాత్రం నీళ్లతోపాటు చెరువు దాకా పోయి పూడికవుతుంది.

గుండు పక్కన మొరం తవ్వి పునాదులు తీసేవాళ్లని చూస్తేనే భయం. చాలాచోట్ల దాని ఆనిక ఆ మొరమే.