సీసా మీది లేబుల్ చదివాకే బఫర్

జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడలోనో కొన్నేళ్లు క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) చేసి న్యూజెర్సీ ఫార్మా ల్యాబుల్లో చేరే తెలుగువాళ్లకు బఫర్ (పీహెచ్‌ని, అంటే ఆమ్ల-క్షార స్థాయిని, నిలకడగా ఉంచే ద్రావణం) చెయ్యడం కొత్త పనేం కాదు. లెక్క అదే, బీకరూ అదే. మారేది సీసా. అక్కడ కంఠతా పట్టిన గ్రాముల్ని ఇక్కడి సీసాలోంచి తూస్తే పీహెచ్ ఎటో పోతుంది.

అసిటేట్ బఫర్ తీసుకుందాం: 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్), పీహెచ్ 5.0, ఒక లీటరు. అసిటిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్లం, దాని లవణం సమానంగా ఉన్నప్పటి పీహెచ్) 25 డిగ్రీల దగ్గర 4.76. పీకేఏకి, లవణాన్ని ఆమ్లంతో భాగిస్తే వచ్చే సంఖ్య లాగ్‌ని కలిపితే పీహెచ్. మనకు కావలసిన తేడా 0.24, అంటే ఆమ్లం ఒక వంతైతే లవణం 1.74 వంతులు. మొత్తం 0.1 మోల్‌లో లవణం 0.0635, ఆమ్లం 0.0365. గ్లేషియల్ (నీళ్లు దాదాపు లేని) అసిటిక్ ఆమ్లం 2.19 గ్రాములు, కొలిస్తే దాదాపు 2.1 మి.లీ. తూకమే మేలు; అంత గాఢమైన ఆమ్లంలో పిపెట్ చివర వేలాడే చుక్క కూడా లెక్కలోకి వస్తుంది.

అసలు తిరకాసు సోడియం అసిటేట్‌తో. నీళ్లు లేని అన్‌హైడ్రస్ రకం అణుభారం 82.03, మూడు నీటి అణువులున్న ట్రైహైడ్రేట్‌ది 136.08. మొదటిదైతే 5.21 గ్రాములు, రెండోదైతే 8.64. అన్‌హైడ్రస్‌కి రాసిన 5.21 గ్రాముల్ని ట్రైహైడ్రేట్ సీసాలోంచి తూస్తే లెక్క ప్రకారమే పీహెచ్ 4.78కి దిగుతుంది. తారుమారైతే 5.22. రెండూ తెల్లటి పొడులే, చూపుకి తేడా అంతగా తెలియదు. మీటరు తక్కువ చూపించిందని క్షారం పోసి 5.0కి తెచ్చేవాళ్లున్నారు. అప్పుడు పీహెచ్ సరిపోతుంది గానీ అసిటేట్ మొత్తం 0.1 మోలార్‌కి బదులు 0.075 దగ్గరే ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని వేరుచేసి కొలిచే యంత్రంలో) పీకు, అంటే గ్రాఫ్‌లో పదార్థాన్ని చూపే శిఖరం, పక్కకి జరిగితే కాలమ్‌ని (పదార్థాల్ని వేరుచేసే గొట్టాన్ని) తిట్టుకుంటారు.

అన్నీ సరిగ్గా తూచినా మీటరు 5.00 చూపించదు, 4.9 దగ్గర ఆగుతుంది. అది మీ తప్పు కాదు. ద్రావణంలో అయాన్లు ఎక్కువైనప్పుడు అవి గాఢత చెప్పినంత చురుగ్గా పనిచెయ్యవు, పై లెక్కకు ఆ సంగతి తెలియదు. అందుకే 900 మి.లీ. నీళ్లలో కరిగించి, స్టిర్రర్ తిరుగుతుండగా 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వెయ్యాలి, నాలుగైదు మి.లీ. పడుతుంది. తర్వాతే లీటరుకి నింపాలి. 5.0 దాటిందని ఆమ్లం, మళ్లీ తగ్గిందని క్షారం... ఈ ఆట ఆడితే ద్రావణంలో లవణం పెరుగుతూ పోతుంది. బాగా దాటితే పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే చవక.

నీటి కాఠిన్యం కొలవడానికి వాడే అమోనియా బఫర్ సంగతి వేరు. లీటరుకి 67.5 గ్రాముల అమోనియం క్లోరైడ్, 570 మి.లీ. గాఢ అమోనియా, పీహెచ్ 10 వస్తుంది. మన దగ్గర ఎక్కువగా 25 శాతం అమోనియా దొరుకుతుంది, ఇక్కడిది 28 నుంచి 30 శాతం. ఆశ్చర్యంగా ఈ తేడాకి పీహెచ్ కదిలేది 0.05 మాత్రమే. ఎన్నోసార్లు తెరిచి మూసిన పాత సీసా మాత్రం నమ్మదగ్గది కాదు. వాయువు పోయి పీహెచ్ పడిపోతే ఆ పరీక్షలో సూచికగా వాడే ఎరియోక్రోమ్ బ్లాక్ టి రంగు స్పష్టంగా మారదు. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపాలి, మూత బిగించాలి.

ఉష్ణోగ్రతనీ మరవొద్దు. అమోనియం పీకేఏ డిగ్రీకి సుమారు 0.03 చొప్పున తగ్గుతుంది. 20 డిగ్రీల గదికీ 35 డిగ్రీల గదికీ దాదాపు అర యూనిట్ తేడా. అసిటేట్ ఇంతగా కదలదు. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడ్‌ని మాత్రమే సరిదిద్దుతుంది, బఫర్ స్వభావాన్ని కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని వెంటనే కొలవకండి.

హెచ్‌పీఎల్‌సీ కాలమ్ గుండా పారే ద్రావణానికి (మొబైల్ ఫేజ్‌కి) ఫాస్ఫేట్ వాడితే దాని పీకేఏలు 2.15, 7.20 అని గుర్తుంచుకోవాలి. మెథడ్ (పరీక్ష పద్ధతి) పీహెచ్ 4.5 అడిగితే ఫాస్ఫేట్‌కి అక్కడ పట్టు లేదు, అసిటేట్ లాంటిది కావాలి. అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలపకముందే పీహెచ్ చూడాలి, కలిపాక మీటరు చూపేది నమ్మలేం. పని అయ్యాక పంపుని నేరుగా అసిటోనైట్రైల్‌కి మారిస్తే ఫాస్ఫేట్ లోపలే గడ్డకడుతుంది. ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న మిశ్రమంతో కడగాలి.

నోట్‌బుక్‌లో ఉత్త "సోడియం అసిటేట్" అని కాక ట్రైహైడ్రేటో అన్‌హైడ్రసో లాట్ నంబరుతో సహా రాయాలి. తేదీలో నెల పేరు అక్షరాల్లో ఉండాలి. 03/04 అంటే మనకి ఏప్రిల్ మూడు, అమెరికా వాళ్లకి మార్చి నాలుగు. తప్పు పడితే ఒకే గీత కొట్టి పక్కన సంతకం, తేదీ, వైట్‌నర్ నిషిద్ధం. అసిటోనైట్రైల్ కలిసినదేదీ సింకులో పోయరు, దానికి వేరే డబ్బా ఉంటుంది. అమోనియా బఫర్ ఉన్న డబ్బాలో బ్లీచ్ పడనివ్వకండి, క్లోరమిన్ విషవాయువు వస్తుంది.