"నెల తక్కువ పిల్లాడు కదా" అంటూనే మూడేళ్ళు దాటాయి

మా వాడు 29వ వారంలో పుట్టాడు. ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ కష్టాల గురించి చాలామంది రాశారు కాబట్టి అది వదిలేస్తున్నా. ఇంటికొచ్చాక మొదలైన కథ గురించే మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఎదుగుదల చూసేటప్పుడు అసలు వయసులోంచి, 40 వారాలకు తక్కువైన 11 వారాలు తీసేసి లెక్కేయమన్నారు డాక్టరు గారు. దాన్ని కరెక్టెడ్ ఏజ్ అంటారు. పద్ధతి మంచిదే, కానీ మామూలుగా రెండేళ్ళ దాకానే వాడతారు. మా ఇంట్లో మాత్రం ఆ తర్వాత కూడా అదే లెక్క నడిచింది. "నెల తక్కువ పిల్లాడు కదమ్మా, అన్నీ నిదానంగా వస్తాయిలే" అనేది మా అత్తయ్య. మాటలు రావాలని వస కొమ్ము అరగదీసి నాలుక్కి రాయబోతే, డాక్టరు వద్దన్నారని చెప్పి ఆపాను. "మా అన్నయ్యకీ మూడేళ్ళకే కదా మాటలొచ్చింది" అని మా ఆడపడుచు.

కూర్చోవడం, నడవడం ఆలస్యంగానైనా వరసగానే వచ్చాయి. నాకు భయమేసింది వేరే చోట. పెరుగు కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, నా చేతిని హ్యాండిల్ మీద పెట్టేవాడు. వేలు పెట్టి చూపించడు, నా ముఖంలోకి చూడడు. పట్టకారు వాడినట్టు నా చెయ్యి వాడుకునేవాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు గానీ, పక్కగదిలో చిప్స్ ప్యాకెట్ చప్పుడైతే పరిగెత్తుకొస్తాడు. ఇది ఆలస్యం కాదు, ఇంకేదో అనిపించింది.

పిల్లల డాక్టరు ఎం-చాట్ అనే, ఆటిజం అనుమానం ఉందేమో చూసే 20 ప్రశ్నల కాగితం నింపించారు. స్కోరు ఎక్కువే వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో నడక, చూపు, వినికిడి ఇబ్బందుల వల్ల కూడా ఈ స్కోరు పెరగొచ్చని, దీన్నిబట్టి ఏదీ తేల్చలేమని ఆయనే చెప్పారు. అందుకే ముందు బెరా, అంటే వినికిడి పరీక్ష. పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి. సిరప్ పట్టాక వాడు తప్ప వెయిటింగ్ హాల్లో అందరం కునుకు తీశాం. చివరికి ఎలాగో అయింది, చెవులు బాగానే ఉన్నాయి.

మూడేళ్ళు దాటాక ఇసా, అంటే ఆటిజం ఉందా, ఎంత ఉందో కొలిచే పరీక్ష చేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్, నిమ్హ్ అనే పాత పేరుతో ఉన్నప్పుడు తయారుచేసిన స్కేలు ఇది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 107 నుంచి 153 మధ్య అయితే మధ్యస్థం. సైకాలజిస్టు బంతి దొర్లించింది, బొమ్మ దాచింది, పిలిచింది. వాడు బంతిని తిప్పి పెట్టి, అది తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. మిగతాదంతా మమ్మల్ని అడిగి నింపింది. మధ్యస్థంలో వచ్చింది. అక్కడ ఏడవలేదు గానీ ఆటోలో ఆగలేదు.

నెలలు నిండకపోవడం వల్లేనా అని అడిగాను. రిస్కు పెరుగుతుంది గానీ ఈ పిల్లాడికి ఇదే కారణమని చెప్పలేం అన్నారు. తర్వాత నేను చదివినదాన్ని బట్టి, 28 వారాల అటూ ఇటూ పుట్టిన పిల్లల్లో నూటికి ఏడుగురి దాకా ఆటిజం కనిపిస్తుంది. మిగతా తొంభై ముగ్గురికీ లేదు. నెల తక్కువ పిల్లలున్నవాళ్ళు ఈ రెండో అంకె కూడా గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికన్నా విసిగించింది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే ప్రభుత్వ పత్రం. మీసేవలో స్లాట్ దొరకబుచ్చుకుని వెళితే చూడాల్సిన డాక్టరు సెలవు. మళ్ళీ స్లాట్, మళ్ళీ క్యూ. అంత గోలలో నిలబడలేక మా వాడు చెవులు మూసుకుని అరుస్తుంటే "కాస్త సముదాయించమ్మా" అని సలహాలు. అయినా వదలొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పాత పన్ను విధానంలో తల్లిదండ్రుల ఆదాయంలోంచి ఏడాదికి 75 వేల మినహాయింపు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష దాకా ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చుకూ కొంత ఇస్తారు.

ఎక్కడికెళ్ళినా మొదట అడిగింది ఎన్‌ఐసీయూ డిశ్చార్జి సమ్మరీనే, జిరాక్సులు ఎక్కువే తీసిపెట్టుకోండి. మాకిచ్చిన సర్టిఫికెట్ తాత్కాలికం, గడువు దగ్గర పడింది. మళ్ళీ స్లాట్ వేటలో ఉన్నాం.